బేస్‌బాల్ వరుసలో బలాఢ్యుని చోటు

క్రికెట్ ఆటలో ఎవరిని ముందు పంపాలి, ఎవరిని వెనుక పంపాలి అన్న విషయాన్ని నాయకుడు ఆట సాగుతూ ఉండగానే నిర్ణయించుకోవచ్చు. త్వరగా పరుగులు కావలసివస్తే ఏడవవానిని నాల్గవవానిగా పంపినా అడిగేవారు లేరు. అమెరికాలో పుట్టి పెరిగిన బేస్‌బాల్‌లో ఇట్టి స్వేచ్ఛ లేదు. ఆట మొదలుకాక మునుపే తొమ్మిదిమంది పేర్లను వరుసగా ఒక కాగితం మీద వ్రాసి అంపైరు చేతికి ఇవ్వాలి. ఆట ముగిసేదాకా ఆ వరుస మారదు. ఒకనికి బదులు మరొకడు దిగినా, వెళ్ళిపోయినవాని చోటులోనే దిగాలి. తొమ్మిదవవాని తరువాత మళ్ళీ మొదటివాడు వస్తాడు. గానుగ చుట్టూ ఎద్దు తిరిగినట్లు ఆ తొమ్మిది పేర్లూ ఆట ముగిసేవరకు తిరుగుతూనే ఉంటాయి.

ఈ నియమం ఆటతోపాటే పుట్టింది. 1845లో న్యూయార్కులోని నికర్‌బాకర్ క్లబ్బువారు వ్రాసుకొన్న నియమాలలోనే, ఆటగాళ్ళు క్రమం తప్పకుండా ఎవరి వంతున వారు ఆడాలని ఉన్నది. అయితే ఆ క్రమం ఎట్లా ఉండాలో ఏ నియమమూ చెప్పదు. అది జట్టు మేనేజరు తెలివికి వదిలిపెట్టినారు. అందులోనూ ఒక ప్రశ్న నూరేండ్లకు పైగా మేనేజర్లను వేధిస్తూ వచ్చింది. జట్టులో అందరికంటె బలంగా కొట్టేవాడు, బంతిని ప్రేక్షకుల నడుమ పడవేయగలిగినవాడు, వరుసలో ఎన్నవవాడుగా ఉండాలి? ఈ ప్రశ్నకు అనుభవం ఒక సమాధానం చెప్పింది. గణితం వచ్చి మరొక సమాధానం చెప్పింది. ఆ కథ సంభావ్యతాశాస్త్రం చదివే విద్యార్థులకు మంచి పాఠంగా ఉపయోగపడుతుంది.

ముందుగా ఆట సంగతి కొంచెం తెలుసుకోవాలి. మైదానంలో ఒక చతురస్రం ఉంటుంది. దాని భుజం 90 అడుగులు. నాలుగు మూలలలో నాలుగు బేసులు. నాల్గవదానికి 'హోమ్' అని పేరు. బ్యాటర్ అక్కడే నిలబడతాడు. పిచర్ 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి బంతి విసురుతాడు. బంతిని కొట్టినవాడు మొదటి బేసుకు, వీలైతే రెండవదానికి, మూడవదానికి పరుగెత్తుతాడు. చుట్టు తిరిగి హోమ్ చేరితే ఒక పరుగు. చేరేలోపల తరువాతివారు ఆడుతూ ఉంటారు కనుక ఒకేసారి మూడు బేసులలోనూ మనుషులు నిలిచి ఉండవచ్చు. పిచర్ నాలుగుసార్లు చెడ్డ బంతి వేస్తే బ్యాటర్‌కు మొదటి బేసు ఉచితంగా లభిస్తుంది. దీనిని 'వాక్' అంటారు. ముగ్గురు ఔటైతే జట్టు వంతు ముగుస్తుంది. బేసుల మీద నిలిచినవారి శ్రమ అంతటితో వ్యర్థం. రెండు జట్లకూ ఇట్టి వంతులు తొమ్మిదేసి.

బంతి మైదానం హద్దు దాటి పడితే అది 'హోమ్‌రన్'. కొట్టినవాడేకాక, బేసుల మీద ఉన్నవారందరూ నింపాదిగా హోమ్ చేరుతారు. బేసులు ఖాళీగా ఉన్నప్పుడు హోమ్‌రన్ విలువ ఒక పరుగు. మూడు బేసులూ నిండి ఉంటే నాలుగు పరుగులు. దెబ్బ ఒకటే, ఫలితం నాలుగింతలు. చిక్కంతా ఇక్కడనే ఉన్నది.

పాతకాలపు మేనేజర్ల తర్కం

పూర్వపు మేనేజర్లు దీనిని ఇట్లా ఆలోచించినారు. మొదటివాడు చురుకుగా పరుగెత్తేవాడై ఉండాలి. ఎట్లాగో ఒకట్లా అతడు బేసు చేరితే చాలు. రెండవవాడు బంతిని నెమ్మదిగా తాటించి, తాను ఔటైనా సరే, మొదటివానిని రెండవ బేసుకు జరపాలి. మూడవవాడు జట్టులో నిలకడగా కొట్టగలిగినవాడు. ఈ ముగ్గురిలో ఒకరిద్దరైనా బేసుల మీద నిలిచి ఉంటారు కనుక నాల్గవచోట బలాఢ్యుని ఉంచితే, అతడు ఒక్క దెబ్బతో బేసుల మీద ఉన్నవారినందరినీ ఊడ్చివేస్తాడు. అందుకే నాల్గవవానికి 'క్లీనప్' బ్యాటర్, అనగా ఊడ్చివేసేవాడు, అని పేరు వచ్చింది. ఐదవవానినుంచి శక్తి తగ్గుతూ వస్తుంది. పిచర్‌కు బ్యాటు పట్టడం సాధారణంగా చేతకాదు కనుక అతనిది తొమ్మిదవ చోటు.

ఈ పద్ధతి పుట్టిన కాలంలో హోమ్‌రన్‌లు అరుదు. పరుగులు ఒక్కొక్కటిగా కూడబెట్టవలసి వచ్చేది. 1920లో ఈ పరిస్థితి ఒక్కసారిగా మారింది. ఆ సంవత్సరం న్యూయార్క్ యాంకీస్ జట్టులో చేరిన బేబ్ రూత్ 54 హోమ్‌రన్‌లు కొట్టినాడు; మరుసటి ఏడు 59. అదే 1920లో, ఒక ఆటగాని దెబ్బవలన ఎన్ని పరుగులు ఇంటికి చేరినవి అన్న లెక్కను అధికారికంగా వ్రాయడం మొదలుపెట్టినారు. ఈ లెక్క పత్రికలకెక్కింది, ఆటగాని కీర్తికీ జీతానికీ కొలబద్ద అయింది. నాల్గవచోట ఉన్నవానికి ముందువారు బేసులు నింపి పెడతారు కనుక ఈ లెక్క అతనికి సహజంగా పెరుగుతుంది. మొదటిచోటికి మార్చితే, ఎంత బాగా కొట్టినా అది తగ్గుతుంది. వరుసలో చోటు అన్నది జట్టు గెలుపు మాటే కాదు, మనిషి జీవనోపాధి మాట కూడ అయినది ఇందువలననే.

1927నాటి యాంకీస్ వరుసను ఇప్పటికీ కొందరు కంఠస్థంగా చెప్పుతారు. మేనేజరు మిల్లర్ హగ్గిన్స్. కూంబ్స్ మొదటివాడు, కోనిగ్ రెండవవాడు, రూత్ మూడవవాడు, లూ గెహ్రిగ్ నాల్గవవాడు. ఆ ఏడు రూత్ 60 హోమ్‌రన్‌లు కొట్టినాడు, గెహ్రిగ్ 47 కొట్టినాడు. జట్టు 110 ఆటలు గెలిచి 44 మాత్రమే ఓడింది. ఇందులో ఒక తమాషా ఉన్నది. రూత్ హోమ్‌రన్ కొట్టిన ప్రతిసారీ, ఆ వెంటనే వచ్చే గెహ్రిగ్‌కు ఖాళీ బేసులే దక్కినవి. ఊడ్చడానికి ఏమీ మిగలలేదు. అయినప్పటికీ గెహ్రిగ్ దెబ్బలవలన ఆ ఏడు 173 పరుగులు వచ్చినవి.

1929లో యాంకీస్ తమ చొక్కాల వీపుమీద అంకెలు కుట్టించినప్పుడు వరుసక్రమాన్నే అంకెలుగా తీసుకొన్నారు. అందుచేత రూత్‌కు 3, గెహ్రిగ్‌కు 4 వచ్చినవి. కాగితం మీది స్థానం మనిషి గుర్తుగా మారిపోయింది. వరుసగా 2,130 ఆటలు ఆడిన గెహ్రిగ్, కండరాలను క్షీణింపజేసే నరాల వ్యాధికి గురియై 1939లో ఆట విరమించినాడు. అతని 4వ అంకెను మరెవ్వరికీ ఇవ్వకూడదని జట్టు నిశ్చయించింది. అమెరికా ప్రధాన లీగులలో ఒక అంకెకు అట్టి గౌరవం దక్కడం అదే మొదటిసారి.

వెనుక ఉన్నవాని నీడ

బలాఢ్యుని స్థానం నిర్ణయించేటప్పుడు ముందువారినే కాక వెనుక వచ్చేవానిని కూడ చూడాలని మేనేజర్ల నమ్మకం. బలాఢ్యునికి మంచి బంతి వేయడం కంటె, కావాలని నాలుగు చెడ్డ బంతులు వేసి మొదటి బేసుకు సాగనంపడం మేలని పిచర్ తలచవచ్చు. కాని వెనుక వచ్చేవాడు కూడ బలాఢ్యుడే అయితే ఆ ఎత్తు పారదు. 1961లో రోజర్ మారిస్ 61 హోమ్‌రన్‌లు కొట్టి రూత్ రికార్డును దాటినాడు. ఆ ఏడు అతనిని ఒక్కసారి కూడ కావాలని వాక్‌తో సాగనంపలేదు. కారణం, అతని వెనుక నాల్గవవాడుగా తరచు నిలిచినవాడు మికీ మ్యాంటిల్. అదే ఏడు 54 హోమ్‌రన్‌లు కొట్టినవాడు. దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2004లో శాన్‌ఫ్రాన్సిస్కో జయింట్స్ ఆటగాడు బారీ బాండ్స్. ఆ ఒక్క సంవత్సరంలో అతనిని 120 సార్లు కావాలని మొదటి బేసుకు పంపినారు.

ఇట్టి నిర్ణయం మీద ఒక సంవత్సరపు శ్రమ అంతా ఆధారపడిన రోజు కూడ ఉన్నది. 1951లో న్యూయార్క్ జయింట్స్, బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్లు 154 ఆటలు ఆడి సమానంగా నిలిచినవి. తేల్చడానికి మూడు ఆటలు పెట్టినారు. మొదటి రెండింటిలో చెరొకటి గెలిచినవి. అక్టోబరు 3న మూడవ ఆట చివరి వంతులో డాడ్జర్స్ 4, జయింట్స్ 2. ఒక్కడు ఔటైనాడు. రెండవ, మూడవ బేసుల మీద మనుషులున్నారు. మొదటి బేసు ఖాళీ. బ్యాటు పట్టినవాడు బాబీ థామ్సన్. అతని వెనుక వంతు, ఆ ఏడే ప్రధాన లీగుకు వచ్చిన ఇరవైయేండ్ల విల్లీ మేస్‌ది. థామ్సన్‌ను ఊరక మొదటి బేసుకు పంపి కుర్రవానితో తలపడవచ్చు. కాని అట్లా చేస్తే గెలుపు పరుగు తెచ్చేవానిని చేతులార బేసు మీద నిలబెట్టినట్లవుతుంది. మేనేజరు డ్రెసెన్ ఆ పని చేయలేదు. రాల్ఫ్ బ్రాంకా వేసిన బంతిని థామ్సన్ ఎడమవైపు ప్రేక్షకులలోనికి కొట్టినాడు. జయింట్స్ 5–4తో గెలిచినారు. తన వంతు కోసం ఎదురుచూస్తూ నిలిచిన మేస్ కాలక్రమాన ఆ ఆట చూచిన మహాబలాఢ్యులలో ఒకడైనాడు కనుక, డ్రెసెన్ చేసినది తప్పని ఇప్పుడు చెప్పడం కూడ సులభం కాదు.

లెక్క మొదలైన విధం

బేస్‌బాల్‌లో అంకెలు వ్రాసే అలవాటు క్రికెట్ నుంచి వచ్చినదే. ఇంగ్లండులో పుట్టి బాల్యంలో అమెరికాకు వలసపోయిన హెన్రీ చాడ్విక్ క్రికెట్ వార్తలు వ్రాసే విలేఖరి. క్రికెట్ స్కోరు పట్టికను చూచి ఆయన 1859 ప్రాంతంలో బేస్‌బాల్‌కు కూడ అట్టి పట్టికను తయారుచేసినాడు. కాని ఆ పట్టికలో ఎవరు ఎన్ని కొట్టినారన్నదే ఉండేది. ఏ పరిస్థితిలో కొట్టినారన్నది ఉండేది కాదు. పరిస్థితులను లెక్కించిన ఘనత కెనడా రక్షణశాఖకు చెందిన జార్జి లిండ్సేది. ఆయన తండ్రి కల్నల్ చార్లెస్ లిండ్సే వందలాది ఆటలను బంతి బంతికీ వ్రాసిపెట్టినాడు. ఆ రాతల ఆధారంతో కుమారుడు 1963లో ఒక పరిశోధన వ్యాసం ప్రకటించినాడు.

లిండ్సే చూపిన మార్గం సులభమైనది. ఏ క్షణంలోనైనా మూడు బేసులలో ఒక్కొక్కటి ఖాళీగానో నిండియో ఉంటుంది కనుక బేసుల స్థితులు 2×2×2, అనగా 8. ఔటైనవారు 0, 1 లేక 2. కావున ఆటలో ఏర్పడగల పరిస్థితులు 24 మాత్రమే. ఒక్కొక్క పరిస్థితి నుంచి ఆ వంతు ముగిసేలోపల సగటున ఎన్ని పరుగులు వచ్చినవో ఆయన లెక్కకట్టినాడు. బేసులు ఖాళీగా ఉండి ఎవరూ ఔటు కానప్పుడు 0.461 పరుగు, ఒకడు ఔటైతే 0.243, ఇద్దరు ఔటైతే 0.102. మొదటి బేసు మీద ఒకడుండి ఎవరూ ఔటు కానప్పుడు 0.813.

ఈ అంకెలతో పాతకాలపు నమ్మకం ఒకటి వెంటనే కూలిపోయింది. రెండవవాడు తాను ఔటై మొదటివానిని రెండవ బేసుకు జరపాలి అన్నారు గదా! రెండవ బేసు మీద ఒకడు, ఒక ఔటు — ఈ పరిస్థితి విలువ 0.671. అనగా త్యాగం చేయకముందు 0.813 ఉన్నది, చేసిన తరువాత 0.671కి దిగింది. ఎంతో నేర్పుతో చేసిన పనికి ఫలం 0.142 పరుగు నష్టం. ఆట చివర ఒక్క పరుగే కావలసినప్పుడు ఈ త్యాగానికి అర్థం ఉండవచ్చునేమో కాని, రోజూ చేసే పనిగా దానికోసం రెండవచోటును కేటాయించడం దండుగ. మరి ఆ చోటు ఎవరికి ఇవ్వాలి? ప్రశ్న మళ్ళీ మొదటికి వచ్చింది.

వాక్, హోమ్‌రన్‌ల విలువను కూడ ఈ అంకెలతో పోల్చవచ్చు. బేసులు ఖాళీగా ఉండి ఎవరూ ఔటు కానప్పుడు వాక్ దొరికితే విలువ 0.461 నుంచి 0.813కు పెరుగుతుంది; లాభం 0.352. ఇద్దరు ఔటైన తరువాత అదే వాక్ వలన 0.102 నుంచి 0.219కి మాత్రమే పెరుగుతుంది, లాభం 0.117. మూడింట ఒక వంతు! ఖాళీ బేసులప్పటి హోమ్‌రన్ మాత్రం ఎప్పుడు కొట్టినా సరిగా ఒక్క పరుగే. ఎందుకంటే కొట్టిన తరువాత బేసులు మళ్ళీ ఖాళీ, ఔటుల సంఖ్య మారదు. కాబట్టి బేసు చేరడంలో నేర్పరియైనవాడు వంతు ప్రారంభంలో రావాలి. బలాఢ్యుని సంగతి అంత సులభంగా తేలదు.

యంత్రం ఆడిన రెండులక్షల ఆటలు

తొమ్మిదిమందిని ఎన్ని విధాల వరుసపెట్టవచ్చునో ఉన్నత పాఠశాల విద్యార్థులు చెప్పగలరు. 9×8×7 అంటూ 1 వరకు గుణిస్తే 3,62,880. ఒక జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. ఆటకొక వరుస చొప్పున అన్నిటినీ పరీక్షించాలంటే సరిగా 2,240 సంవత్సరాలు పడుతుంది. అప్పటికైనా ఒక్కొక్క వరుసను ఒక్కొక్కసారే చూచినట్లు. మేనేజరు అనుభవం ఎంత గొప్పదైనా ఈ సముద్రంలో అది చెంబెడు నీరు.

మార్గాంతరం రెండవ ప్రపంచయుద్ధం తరువాత దొరికింది. 1946లో జబ్బునుంచి కోలుకొంటూ ఒంటరిగా పేకాడుకొంటున్న స్టానిస్లా ఉలామ్ అనే గణితజ్ఞునికి, ఆట గెలిచే సంభావ్యతను సూత్రాలతో సాధించడం కంటె అనేకసార్లు ఆడి లెక్కపెట్టడం సులభం గదా అని తోచింది. ఆయన, జాన్ వాన్ నాయ్‌మన్ కలిసి ఈ ఆలోచనను గణనయంత్రాలకు అనువుగా మలచినారు. జూదశాలలకు పేరుపడిన ఊరి పేరిట దీనికి 'మాంటీకార్లో పద్ధతి' అని పేరుపెట్టినారు. అణుశక్తి పరిశోధనకు పుట్టిన ఈ పద్ధతిని 1974లో అలన్ ఫ్రీజ్ బేస్‌బాల్‌కు ప్రయోగించినాడు. ఆయన వృత్తిరీత్యా భూగర్భజలాల శాస్త్రజ్ఞుడు. శాస్త్రజ్ఞుని కుతూహలానికి శాఖల గోడలు అడ్డం రావు.

ఫ్రీజ్ వ్రాసిన ప్రోగ్రాము ప్రకారం యంత్రం రెండులక్షల ఆటలు ఆడింది. ఏటికి 162 చొప్పున ఒక జట్టు ఆడితే ఇవి 1,234 ఏండ్లకు పైబడిన ఆటలు. ఫలితం చాలమందికి ఆశాభంగం కలిగించింది. అన్నిటికంటె మంచి వరుసకూ అన్నిటికంటె చెడ్డ వరుసకూ మధ్య తేడా 162 ఆటలలో మూడు గెలుపులకంటె తక్కువ! సంప్రదాయపు వరుసను కొద్దిగా మార్చితే వచ్చేదే బహుశా శ్రేష్ఠమైనదని కూడ ఆయన తేల్చినాడు. పత్రికలలో, అంగళ్ళలో, ఇండ్లలో అభిమానులు తెల్లవార్లు వాదించుకొన్న విషయం విలువ ఇంతేనా అనిపించవచ్చు. కాని 1951లో 154 ఆటలు ఆడిన తరువాత రెండు జట్ల మధ్య తేడా ఎంత? సున్న. అట్టి ఏడాదిలో ఒక్క గెలుపు చాలు.

ఫ్రీజ్ తరువాత మరొక పద్ధతి వచ్చింది. రష్యా గణితజ్ఞుడు ఆంద్రేయ్ మార్కొవ్ ఈ శతాబ్దానికి ముందటి శతాబ్దపు ఆరంభంలో ఒక రకమైన శృంఖలలను నిర్వచించినాడు. వీటిలో రాబోయే స్థితి ప్రస్తుత స్థితిని మాత్రమే ఆశ్రయిస్తుంది. వెనుక జరిగినదానితో పని లేదు. పుష్కిన్ కావ్యంలోని 20,000 అక్షరాలను తీసుకొని, అచ్చు తరువాత హల్లు, హల్లు తరువాత అచ్చు ఎన్నిసార్లు వచ్చునో ఆయన 1913లో చేతితో లెక్కపెట్టినాడు. లిండ్సే చెప్పిన 24 పరిస్థితులు అచ్చంగా ఇట్టి శృంఖలే. మొదటి బేసు మీద మనిషి ఉన్నాడు, ఒకడు ఔటు అని తెలిస్తే చాలు. ఆ మనిషి అక్కడికి ఎట్లా చేరినాడన్నది అనవసరం. మూడవ ఔటును 25వ పరిస్థితిగా చేర్చి, ఒక్కొక్క ఆటగానికి 25 అడ్డువరుసలు, 25 నిలువువరుసలు గల పట్టికను తయారుచేస్తే, తొమ్మిది పట్టికలను వరుసగా గుణిస్తూ పోవడమే ఆట. 1997లో బ్రూస్ బుకియెట్, ఎలియట్ హెరాల్డ్, హోసే పలాసియోస్ అనే ముగ్గురు ఈ మార్గాన మంచి వరుసలను వెదకినారు. అందరికంటె బలహీనుడైన పిచర్‌ను చిట్టచివర ఉంచడం చాల జట్లకు మంచిది కాదని వారి లెక్కలో తేలింది. ఎందుకంటే తొమ్మిదవవాని వెంటనే మొదటివాడు వస్తాడు. చక్రానికి చివర అన్నది లేదు.

ఆ మరుసటి ఏడే, 1998 జులైలో, సెయింట్ లూయిస్ కార్డినల్స్ మేనేజరు టోనీ లరూసా పిచర్‌ను ఎనిమిదవచోటికి మార్చినాడు. అతని బలాఢ్యుడు మార్క్ మెగ్వైర్ మూడవవాడు. తొమ్మిదవచోట నిజమైన బ్యాటర్ ఉంటే, రెండవ చుట్టునుంచి మెగ్వైర్‌కు ముందు ఇద్దరు కాక ముగ్గురు సమర్థులు ఉన్నట్లవుతుంది. మెగ్వైర్ ఆ ఏడు 70 హోమ్‌రన్‌లు కొట్టినాడు. అయితే తాను ఉత్తేజక మందులు వాడినట్లు 2010లో ఒప్పుకొన్నాడు కనుక, ఆ 70లో వరుసక్రమం పాలెంతో చెప్పబూనడం న్యాయం కాదు.

మూడవచోటులోని చిక్కు

2006లో టామ్ టాంగో, మిచెల్ లిచ్‌ట్‌మన్, ఆండ్రూ డాల్ఫిన్ అనే ముగ్గురు వ్రాసిన పుస్తకం ఈ వాదానికి కొత్త మలుపు. జట్టులో మేలైన ముగ్గురు 1, 2, 4 స్థానాలలో ఉండాలని, తరువాతి ఇద్దరు 3, 5 స్థానాలలో ఉండాలని వారు చెప్పినారు. రూత్ ఆడిన మూడవచోటు అంత గొప్పది కాదట! ఎందుచేత?

దీనిని విద్యార్థులు కాగితం మీద తామే చేసి చూడవచ్చు. లెక్క సులభం కావడానికి ప్రతి ఆటగాడూ మూడుసార్లలో ఒకసారి బేసు చేరుతాడని, రెండుసార్లు ఔటవుతాడని అనుకొందాం. వాస్తవానికి ఇది మరీ దూరం కాదు. మొదటి ముగ్గురూ హోమ్‌రన్ కొట్టరని, బేసు చేరినవాడు మధ్యలో ఔటు కాడని కూడ అనుకొందాం. మొదటి వంతులో మొదటివానికి బేసులు తప్పక ఖాళీ. రెండవవానికి ఎదుట మనిషి ఉండే సంభావ్యత 1/3. మూడవవానికి ముందు ఇద్దరూ ఔటయ్యే సంభావ్యత 2/3×2/3, అనగా 4/9. కనుక మనిషి ఉండే సంభావ్యత 5/9. నాల్గవవానికి ముందు ముగ్గురూ ఔటయ్యే సంభావ్యత 8/27. మనిషి ఉండే సంభావ్యత 19/27, అనగా నూటికి 70. ఇంతవరకు పాత మేనేజర్ల తర్కమే నిజమైంది.

ఇప్పుడు చెడ్డరోజు సంగతి చూడాలి. ముందువారు విఫలమైతే మూడవవాడు వచ్చేటప్పటికి ఇద్దరు ఔటు, బేసులు ఖాళీ: 24 పరిస్థితులలో అన్నిటికంటె నీచమైనది, విలువ 0.102. నూటికి 44 సార్లు అతని గతి ఇదే. నాల్గవవాని ముందు ముగ్గురూ విఫలమైతే ఆ వంతే ముగుస్తుంది. అతడు తరువాతి వంతును సున్న ఔటులతో హాయిగా ప్రారంభిస్తాడు, విలువ 0.461. కావున మూడవచోటు పైకి సింహాసనంలా కనిపించినా దాని కింద గుంట ఉన్నది. హోమ్‌రన్ తప్ప మరొకటి చేతకానివానిని ఆ గుంట అంతగా బాధించదు, ఎందుకంటే ఖాళీ బేసులప్పుడు అతని దెబ్బ ఎప్పుడైనా ఒక పరుగే. వాక్‌లు కూడ సంపాదించే సంపూర్ణ బలాఢ్యునికి మాత్రం అక్కడ శక్తి వృథా అవుతుంది.

ఇక రెండవచోటు సంగతి. ఆట ఏ పేరు దగ్గర ముగుస్తుందో ముందుగా చెప్పలేము. తొమ్మిది పేర్లలో ఏదైనా కావచ్చు. అందుచేత ఒక్కొక్క మెట్టు దిగినకొద్దీ ఆటకు 1/9 చొప్పున వంతులు తగ్గుతాయి. 162 ఆటలకు ఇది 18 వంతులు. నాల్గవవానిని రెండవచోటికి తెస్తే ఏడాదికి 36 వంతులు పెరుగుతాయి. మొదటిచోటికి తెస్తే 54. 2022లో యాంకీస్ ఆటగాడు ఆరన్ జడ్జ్ 696 వంతులలో 62 హోమ్‌రన్‌లు కొట్టినాడు, సుమారు 11 వంతులకు ఒకటి. అట్టివానికి 36 వంతులంటే మూడు హోమ్‌రన్‌లు. బేసుల మీద మనుషులు కొంచెం తగ్గినా, వంతులు పెరగడంవలన లోటు పూడిపోతుంది.

మేనేజర్లు ఈ మాటను వెంటనే వినలేదు. ఆటలో పెరిగినవానికి అంకెల మనిషి మాట రుచించకపోవడం వింత కాదు. కాని 2015లో టొరంటో జట్టులో జాష్ డొనాల్డ్‌సన్ రెండవచోట ఆడి 41 హోమ్‌రన్‌లు కొట్టి లీగులో శ్రేష్ఠ ఆటగాడుగా ఎన్నికైన నాటికి గాలి మారింది. అమెరికన్ లీగులో 1973 నుంచి పిచర్‌కు బదులు మరొకడు బ్యాటు పట్టే నియమం ఉన్నది. 2022లో అది నేషనల్ లీగుకు కూడ వచ్చింది. దానితో తొమ్మిదవచోటులోని బలహీనుడు మాయమైనాడు, మొదటివాని ముందు కూడ బేసులు నిండే అవకాశం పెరిగింది. ఇప్పుడు బలాఢ్యులు మొదటిచోటుకే ఎక్కుతున్నారు. 2023లో ఫిలడెల్ఫియా ఆటగాడు కైల్ ష్వార్బర్ ఎక్కువగా మొదటివాడుగా ఆడి, సగటు 0.197 మాత్రమే అయినా, 47 హోమ్‌రన్‌లు కొట్టి 126 వాక్‌లు సంపాదించినాడు. మొదటివాడు చురుకుగా పరుగెత్తేవాడై ఉండాలన్న పాత మేనేజర్లు ఈ మనిషిని చూస్తే ఏమనేవారో!

అయితే దీనికి మూల్యం లేకపోలేదు. 2022 అక్టోబరు 4న జడ్జ్ మారిస్ రికార్డును దాటిన 62వ హోమ్‌రన్‌ను, ఆట మొట్టమొదటి బ్యాటర్‌గా కొట్టినాడు. చరిత్రాత్మకమైన ఆ దెబ్బకు బేసులు తప్పనిసరిగా ఖాళీ. వచ్చినది ఒక్క పరుగు.

2024 జూన్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ జట్టులో మొదటివాడైన మూకీ బెట్స్ చేతికి దెబ్బ తగిలినప్పుడు జపాను దేశీయుడు షోహెయ్ ఓతానీని అతని చోటికి ఎక్కించినారు. ఆ ఏడు ఓతానీ 54 హోమ్‌రన్‌లు కొట్టినాడు. సెప్టెంబరు 19న మయామీలో మొదటివాడుగా దిగి, ఆరు వంతులలో ఆరుసార్లూ కొట్టినాడు; వాటిలో మూడు హోమ్‌రన్‌లు. మొదటి వంతులో బేసులు ఖాళీయే. ఆ తరువాత చక్రం తిరిగి వచ్చినప్పుడు మాత్రం ఎనిమిదవవాడు, తొమ్మిదవవాడు బేసులు నింపి పెట్టినారు. ఆ ఒక్కరోజున అతని దెబ్బలకు ఇల్లు చేరిన పరుగులు పది.